కాంతి తగ్గిందా, పరుచుకుందా?

చీకటి గదిలో గోడకు రెండు మీటర్ల దూరాన నిలబడి టార్చి వేస్తే, మధ్యలో కళ్లు జిగేలుమనే తెల్లటి బిళ్ల ఒకటి, దాని చుట్టూ పల్చటి వెలుగు కనిపిస్తాయి. ఇప్పుడు ఆ టార్చి మూతికి ఒక ఫ్రాస్టెడ్ స్టిక్కరు ముక్క అడ్డుపెట్టండి. బాత్‌రూమ్ కిటికీ అద్దాలకు అంటించేదే, అద్దాల కొట్లలో దొరుకుతుంది. బిళ్ల చెదిరిపోతుంది. గోడంతా ఇంచుమించు ఒకే తీరుగా వెలుగుతుంది. పక్కనున్న బీరువా, కింద వదిలిన చెప్పులు కూడా కనబడతాయి. చూస్తున్నవాళ్లలో ఒకరు ‘వెలుతురు బాగా పడిపోయింది’ అంటారు. ఇంకొకరు ‘ఇదే నయం, అన్నీ కనిపిస్తున్నాయి’ అంటారు. ఇద్దరి మాటా నిజమే. వాళ్లు చెబుతున్నది రెండు వేర్వేరు కొలతల గురించి.

టార్చి నుంచి అన్ని దిక్కులకూ కలిపి బయటికొచ్చే మొత్తం కాంతికి కొలమానం ల్యూమెన్. ఒక దిక్కున ఆ కాంతి ఎంత చిక్కగా పోతోందో చెప్పేది కాండెలా. పోయిన కాంతి ఏదైనా వస్తువు మీద పడినప్పుడు, పడిన చోట చదరపు మీటరుకు ఎన్ని ల్యూమెన్లు వచ్చాయో అది లక్స్. తోటలో నీళ్ల పైపు మూతికి వేలు అడ్డుపెడితే ధార దూరంగా పోతుంది, వెడల్పు మూతి తగిలిస్తే దగ్గర్లోనే మడి అంతా తడుస్తుంది. పైపులోంచి వచ్చే నీళ్లు మాత్రం దాదాపు అవే. ల్యూమెన్‌కూ కాండెలాకూ ఉన్న తేడా అదే. టార్చి డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసేది ల్యూమెన్లను. మన కంటికి ముందు ఆనేది కాండెలా. ఫ్రాస్టెడ్ అద్దం మొదటిదాన్ని కొంచెమే తగ్గిస్తుంది, రెండోదాన్ని అమాంతం పడేస్తుంది.

ఎంత పడేస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. 300 ల్యూమెన్ల టార్చి ఒకటి ఉందనుకోండి. దాని కాంతి అంతా నడి గీత నుంచి ప్రతి వైపుకూ 5 డిగ్రీల లోపు శంకువులోనే సమంగా పోతోందనుకుందాం. అప్పుడు దాని తీవ్రత సుమారు 12,500 కాండెలాలు. రెండు మీటర్ల దూరంలో అది వేసే వెలుగు బిళ్ల అడ్డుకొలత 35 సెంటీమీటర్లు, అందులో వెలుగు 3,100 లక్స్. ఇప్పుడు ఆ కాంతిని ప్రతి వైపుకూ 20 డిగ్రీల దాకా పరిచే గరుకు అద్దం పెడదాం. దారిలో పదో వంతు కాంతి నష్టపోయిందనే అనుకుందాం. మిగిలింది 270 ల్యూమెన్లు. తీవ్రత మాత్రం 700 కాండెలాలకు దిగజారుతుంది, అంటే పదిహేడో వంతుకు. రెండు మీటర్ల దూరాన వెలుగు బిళ్ల అడ్డుకొలత దాదాపు మీటరున్నర. అందులో వెలుగు 180 లక్స్‌కు కాస్త తక్కువ. పదిహేడో వంతు అనగానే గుండె గుభేలుమంటుంది కానీ, 180 లక్స్ అంటే చిన్న వెలుతురేం కాదు. సైకిల్ చైను ఎక్కించుకోవడానికీ, ఫ్యూజు వైరు కట్టుకోవడానికీ అది చాలు. 3,100 లక్సే అంత దగ్గర్లో ఎక్కువ.

దూరం సంగతికొస్తే కథ మారుతుంది. అమెరికాలో 2009లో టార్చిల కోసం ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. అందులో ‘బీమ్ దూరం’ అంటే టార్చి వెలుగు 0.25 లక్స్‌కు తగ్గే దూరం. మబ్బులేని పున్నమి రాత్రి నేల మీద పడే వెన్నెల ఇంచుమించు అంతే ఉంటుంది. కాండెలాల వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. మన లెక్కలోని టార్చికి మామూలు అద్దంతో 220 మీటర్ల పైచిలుకు, గరుకు అద్దంతో 53 మీటర్లు. తీవ్రత పదిహేడో వంతుకు పడిపోతే దూరం నాలుగో వంతుకు పడిందన్నమాట. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బా మీద రాసే ఈ దూరం వెన్నెలపాటి వెలుగు పడే చోటు వరకూ చూపే లెక్క. అక్కడున్న మనిషిని గుర్తుపట్టగలమని దాని అర్థం కాదు. గుర్తుపట్టాలంటే అందులో సగం దూరం కూడా ఎక్కువే.

ఇంతకీ ఆ గరుకుతనం చేసే పనేమిటి? నున్నటి అద్దం పలకకు రెండు ముఖాలూ సమాంతరం. ఏటవాలుగా వచ్చిన కిరణం లోపలికి పోయేటప్పుడు ఎంత వంగుతుందో బయటికొచ్చేటప్పుడు అంతే వెనక్కి వంగి, పాత దిక్కులోనే సాగిపోతుంది. ఇసుక జల్లి రాపించినా, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తినిపించినా ఒక ముఖం మీద మైక్రాన్ల కొలతలో గుంటలూ గట్లూ లేస్తాయి. ప్రతి గుంట గోడా ఒక చిన్న పట్టకం. గాజు వక్రీభవన గుణకం 1.5 కనుక, 10 డిగ్రీలు వాలిన గోడ మీదుగా బయటికొచ్చే కిరణం దాదాపు 5 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. గోడలు అన్ని వైపులకూ, రకరకాల వాలుల్లో ఉంటాయి కాబట్టి ఒక్క దిక్కుగా వచ్చిన కాంతి ఒక శంకువుగా విచ్చుకుంటుంది. ఇందులో కాంతిని పీల్చేసుకునేది ఏదీ లేదు. అద్దం తెల్లగా కనిపించడానికి కారణం కూడా ఇదే. అది ఎటునుంచి వచ్చిన వెలుగునైనా మన కంటివైపు కొంత తిప్పుతుంది.

దీన్ని కళ్లారా చూడటం చాలా తేలిక. ఆఫీసు గదుల ఫ్రాస్టెడ్ అద్దం మీద గరుకు వైపున ఒక పారదర్శక సెల్లో టేపు ముక్క అంటించి బొటనవేలితో గట్టిగా రుద్దండి. టేపు ఉన్నంత మేరా అద్దం మామూలు అద్దమైపోయి అవతల కూర్చున్నవాళ్లు స్పష్టంగా కనిపిస్తారు. టేపు జిగురు గుంటల్ని నింపేసింది. జిగురుకూ గాజుకూ వక్రీభవన గుణకాలు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల, గోడలు అక్కడే ఉన్నా కిరణానికి అవి లేనట్టే. నీటి చుక్క పెట్టినా ఇంచుమించు ఇదే జరుగుతుంది. నీటి గుణకం 1.33 కాబట్టి కిరణం తిరిగే కోణం మూడో వంతుకు తగ్గిపోతుంది. టార్చి విషయంలో ఇది వినోదం మాత్రమే కాదు. గరుకు ముఖం బయటివైపు ఉన్న టార్చిని వానలో వాడితే, తడిసినచోటల్లా అది మళ్లీ నున్నటి అద్దంలా ప్రవర్తిస్తుంది. నూనె చేతులతో పట్టుకున్నా అంతే, వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. దుమ్ము గుంటల్లో దూరితే తుడిచినా ఒక పట్టాన పోదు. అందుకే గరుకు వైపు లోపలికి పెట్టాలి.

ఈ పాఠం విద్యుత్ బల్బుల కాలంలోనే తయారీదారులు నేర్చుకున్నారు. తొలినాటి ఫ్రాస్టెడ్ బల్బుల్లో గరుకు బయటివైపు ఉండేది, దుమ్ము పట్టి మాసిపోయేది. లోపలివైపు ఆమ్లంతో గరుకు చేస్తే బల్బు చిన్న దెబ్బకే పగిలేది. ఆమ్లం తిన్న గుంటలకు అడుగున పదునైన మూలలు మిగిలేవి, పగుళ్లు అక్కడి నుంచే మొదలయ్యేవి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన మార్విన్ పిప్కిన్ అనే రసాయన శాస్త్రవేత్త 1925 ప్రాంతంలో దీనికి మందు కనిపెట్టాడు. మొదటి ఆమ్లం పని అయ్యాక రెండోసారి ఆమ్లంతో కడిగితే గుంటల పదును పోయి అడుగులు గుండ్రబడతాయి. గాజుకు బలం తిరిగొస్తుంది, వెలుగు పరిచే గుణం అలాగే ఉంటుంది. 1928లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు ఇళ్లలో వెలిగిన ‘పాల బల్బు’ వెనక ఉన్నది ఈ రెండో కడుగుడే. గొప్ప ఆవిష్కరణలంటే ఏదో కొత్త వస్తువు పుట్టడమే అనుకుంటాం. నాకు మాత్రం ఇలాంటి చిన్న మరమ్మతుల మీదే గౌరవం ఎక్కువ.

కాంతి నష్టం అసలు లేదా అంటే, ఉంది. నున్నటి మామూలు గాజు పలకైనా ఒక్కో ముఖం దగ్గర 4 శాతం చొప్పున, రెండింటికీ కలిపి 8 శాతం దాకా కాంతిని వెనక్కి కొడుతుంది. ఖరీదైన టార్చిల అద్దాల మీద ఊదారంగు నిగారింపు కనిపిస్తుంది చూడండి, అది ఈ నష్టాన్ని తగ్గించే పూత. ఫ్రాస్టెడ్ అద్దానికి దీనిపైన ఇంకో నష్టం చేరుతుంది. గుంట గోడ 42 డిగ్రీల కంటే నిటారుగా ఉంటే నేరుగా వచ్చిన కిరణం సందిగ్ధ కోణం దాటి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది, బయటికి రాకుండా లోపలికే మళ్లుతుంది. అలా మళ్లిన కాంతి వృథాయే కావాలని లేదు. వెనకనున్న రిఫ్లెక్టరు శుభ్రంగా మెరుస్తుంటే అందులో కొంత మళ్లీ ముందుకు వస్తుంది. నల్లటి ప్లాస్టిక్ కప్పు ఉంటే అక్కడే వేడిగా మారిపోతుంది. ఒకే స్టిక్కరు రెండు టార్చిల మీద రెండు రకాల నష్టం చూపించడానికి ఇదొక కారణం. పాలగాజు సంగతి వేరు. అందులో గరుకు పైపైన కాదు, గాజు మందమంతా కణాలుంటాయి. కిరణం లోపలే పలుమార్లు దారి మార్చుకుని, గణనీయమైన భాగం వెనక్కే వస్తుంది. కాంతిని అన్ని వైపులకూ పరచడంలో దానికి సాటి లేదు. టార్చికి మాత్రం అంత ఖర్చు అనవసరం.

మీ టార్చికి నష్టమెంతో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చిన్న గది, వీలైతే తెల్ల సున్నం వేసిన బాత్‌రూమ్ చాలు. తలుపులు మూసి, చీకటి చేసి, టార్చిని నేల మీద నిలబెట్టి పైకప్పుకు వేయండి. ఫోనులో లక్స్ మీటరు యాప్ తెరిచి, టార్చి వెలుగు నేరుగా తగలని చోట పెట్టి అంకె చూడండి. తర్వాత టార్చిని, ఫోనును కదపకుండా మూతి మీద ఫ్రాస్టెడ్ ముక్క పెట్టి మళ్లీ చూడండి. పైకప్పూ గోడలూ కాంతిని ఎలాగూ చిందరవందర చేస్తాయి కాబట్టి, కిరణం సన్నగా పోయిందా వెడల్పుగా పోయిందా అన్న తేడా ఇక్కడ చాలావరకు చెరిగిపోతుంది. రెండు అంకెల నిష్పత్తి ఇంచుమించు ల్యూమెన్ల నిష్పత్తి. ప్రయోగశాలల్లో ఇదే పనిని లోపల తెల్లరంగు వేసిన బోలు గోళంతో చేస్తారు, దాన్ని ఉల్‌బ్రిక్ట్ గోళం అంటారు. అదే టార్చిని గోడకు వేసి బిళ్ల నడుమ ఫోను పెడితే అంకె ఎలా కూలుతుందో కూడా చూడండి. ఫోను సెన్సరు ఖచ్చితమైనది కాకపోవచ్చు. నిష్పత్తి చూడటానికి పనికొస్తుంది.

ఇక వెలుగు నాణ్యత. ఫ్రాస్టెడ్ అద్దం అసలు విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది. పాత రెండు బ్యాటరీల ఇత్తడి టార్చి గుర్తున్నవాళ్లకు అది గోడ మీద వేసే వంకరటింకర బొమ్మ కూడా గుర్తుండే ఉంటుంది. బల్బులోని ఫిలమెంటు బొమ్మే రిఫ్లెక్టరు మీద నుంచి గోడ మీదికి చేరేది. నడుమ నల్లటి చుక్క, చుట్టూ వలయాలు. ఎల్‌ఈడీ వచ్చాక బొమ్మ మారింది, ఇబ్బంది పోలేదు. 1996లో జపాన్‌కు చెందిన నిచియా సంస్థ మార్కెట్లోకి తెచ్చిన తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం ఎల్‌ఈడీయే, దాని మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలమూ పసుపూ కలిసి తెలుపు. ఆ నీలం ఎల్‌ఈడీకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అయితే చిప్పు నుంచి నేరుగా ముందుకొచ్చే నీలం కాంతి పూతలో తక్కువ దూరం ప్రయాణిస్తుంది, పక్కలకు వాలుగా పోయేది ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. ముందుకొచ్చేది కాస్త నీలి తెలుపు, పక్కలకు పోయేది కాస్త పసుపు తెలుపు. రిఫ్లెక్టరు ఈ రెంటినీ వేర్వేరు చోట్లకు పంపుతుంది. గోడ మీద వెలుగు బిళ్ల చుట్టూ కనిపించే పసుపు అంచు దాని ఫలితమే. నాలుగు చిప్పులున్న పెద్ద ఎల్‌ఈడీల్లో చిప్పుల మధ్య సందు నల్లటి కూడికల గుర్తుగానో, బిళ్ల నడుమ నీడ మచ్చగానో పడుతుంది.

గరుకు అద్దం ప్రతి కిరణాన్నీ ఒక చిన్న శంకువుగా మార్చేస్తుంది కదా. ఆ శంకువు కంటే సన్నటి వలయమైనా, మచ్చైనా, రంగు అంచైనా ఇక బతకదు. నీలమూ పసుపూ మళ్లీ కలిసిపోతాయి. ఇందులోనే ఒక మంచి కిటుకు ఉంది. మచ్చలు పోగొట్టడానికి కాంతిని 40 డిగ్రీలకు పరచనక్కర్లేదు, 5 డిగ్రీలు చాలు. కొలిచి చేసిన డిఫ్యూజర్ పలకలు ఇన్ని డిగ్రీలు అని రాసి అమ్ముతారు. రెండు వైపులా కలిపి టార్చి వెలుగు కోణం 10 డిగ్రీలు, పలక కోణం 5 డిగ్రీలు అనుకుంటే, ఫలితం 15 కాదు. రెండింటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే 11 డిగ్రీల పైచిలుకు వస్తుంది. పదో వంతు నష్టం కలుపుకున్నా తీవ్రత పడేది పావు వంతుకు కాస్త పైన. 220 మీటర్లు చూపే టార్చి 190 మీటర్లు చూపుతుంది. ముప్ఫై మీటర్లు వదులుకుంటే మచ్చలేని వెలుగు దక్కుతుంది. అదే 40 డిగ్రీల పలక పెడితే పైన చెప్పిన 53 మీటర్ల దగ్గరికి చేరతాం. ‘ఫ్రాస్టెడ్ అద్దం పెడితే టార్చి చచ్చిపోతుంది’ అని తేల్చేసేవాళ్లు ఈ రెంటికీ తేడా చూడటం లేదు. రిఫ్లెక్టరు లోపలి ముఖాన్నే గతుకులు గతుకులుగా చేసి ‘ఆరెంజ్ పీల్’ పేరుతో అమ్మేది కూడా ఈ 5 డిగ్రీల మందే. అక్కడ కాంతి అద్దంలో చెదరదు, రిఫ్లెక్టరు మీదే చెదురుతుంది. రిఫ్లెక్టరుకు తగలకుండా నేరుగా బయటికొచ్చే కాంతి మీద మాత్రం దాని ప్రభావం ఉండదు.

మన కన్ను చేసే పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కన్ను లక్స్ మీటరు కాదు. వెలుగు పదో వంతు తగ్గితే పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. పైగా ఎదుట ఉన్నవాటిలో అన్నింటికన్నా మెరిసేదానికే అది తన్ను తాను సర్దుకుంటుంది. బిళ్ల నడుమ 3,100 లక్స్ ఉంటే కంటిపాప చిన్నదవుతుంది, రెటీనా కూడా ఆ వెలుగుకే అలవాటు పడుతుంది. చుట్టూ ఉన్న పల్చటి వెలుగులో ఉన్నవి కనబడాల్సినవే అయినా కనబడవు. బిళ్ల కరిగించి పరిస్తే, నడుమ తగ్గినా పక్కలు తేటపడతాయి. ‘ఇదే నయం, అన్నీ కనిపిస్తున్నాయి’ అన్నవాళ్లు పొరపడలేదు. నీడలు మెత్తబడటం ఇంకో లాభం. బైకు ఇంజను సందుల్లో బోల్టు వెతికే మెకానిక్కు, నిగనిగలాడే కాగితం చదివేవాళ్లకు, దగ్గరగా ఫొటో తీసేవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

రాత్రిపూట పొలానికి మోటారు వేయడానికి వెళ్లే రైతు దగ్గర ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, రక్తపింజరి కూడా ఎక్కువగా చీకటి పడ్డాకే వేటాడుతుంది. కొట్లో రైతుకు ‘ఇది కిలోమీటరు కొడుతుంది’ అని అంటగట్టే బ్యాటరీ లైటు దూరపు గట్టు మీద పందినో, మోటారు షెడ్డునో చూపడానికి పనికొస్తుంది. గట్టు మీద నడిచేటప్పుడు రెండు మీటర్ల ముందు అది వెలిగించేది పళ్లెమంత చోటు. ఆ పళ్లెం పక్కన గడ్డిలో చుట్టచుట్టుకుని ఉన్నది చీకట్లోనే ఉంటుంది. పైగా నడుమ మెరుపు కళ్లను కొట్టి పక్కల చీకటిని ఇంకా చిక్కబరుస్తుంది. అదే టార్చికి గరుకు అద్దం ఉంటే మీటరున్నర వెడల్పు, అంటే గట్టూ దాని రెండు అంచులూ కలిపి కనిపిస్తాయి. రైతులకు టార్చి చేసేవాళ్లు లోపలే తిప్పుకునే గరుకు అద్దం ఒకటి పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. పెద్ద ఖర్చు కాదు. అది దొరికేదాకా, చేతిలో దూరం కొట్టే టార్చి ఉన్నవాళ్లు మూతి మీద రబ్బరు బ్యాండుతో ఫ్రాస్టెడ్ స్టిక్కరు ముక్క బిగించుకుని నడవొచ్చు, దూరం చూడాల్సివస్తే తీసేయొచ్చు. బూట్లు, కర్ర మానమని కాదు, వాటికి తోడుగా.

గరుకు అద్దం పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. పొగమంచులో వెడల్పు వెలుగు మన కంటికి దగ్గరున్న బిందువులన్నింటినీ వెలిగిస్తుంది. అవి తిప్పికొట్టిన కాంతి ఎదుట తెల్లటి తెరలా నిలుస్తుంది. అక్కడ సన్నటి కిరణమే మేలు, అదీ కంటికి దూరంగా, నడుము దగ్గర పట్టుకుంటే. నదిలోనో అడవిలోనో మనిషిని వెతికేవాళ్లకు ప్రతి కాండెలా కావాలి, వాళ్ల టార్చికి నున్నటి అద్దమే ఉండాలి.

అన్నింటికన్నా ముఖ్యంగా, వాహనాల హెడ్‌లైటు మీద ఇలాంటి స్టిక్కరు ఎప్పుడూ అంటించకూడదు. కారు డిమ్ వెలుగుకు పైన ఒక పదునైన కోత ఉంటుంది. దాని కింద రోడ్డు, పైన చీకటి. ఎదురొచ్చేవాళ్ల కళ్లు ఆ చీకట్లో ఉండేలా దాన్ని రూపొందిస్తారు. గరుకు పొర ఆ కోతను చెరిపేసి, రోడ్డు మీది వెలుగును తగ్గించి, ఆ తగ్గించినదాన్ని ఎదుటివాళ్ల కళ్లలో పోస్తుంది. స్టిక్కరు అంటించకపోయినా ఎండ ఆ పని చేస్తుంది. ఇప్పటి హెడ్‌లైట్ల ముందుభాగం పాలికార్బొనేట్ ప్లాస్టిక్. దాన్ని కాపాడే పైపూత ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలకు పాడై, పసుపు పట్టి మసకబారుతుంది. ప్లాస్టిక్ పరిశ్రమలో ఈ మసకను కొలవడానికి ఒక లెక్క ఉంది. అవతలికి దాటి వచ్చిన కాంతిలో 2.5 డిగ్రీల కంటే ఎక్కువ పక్కకు తిరిగినదెంత శాతమో చూస్తారు. టార్చికి ఆ శాతం పెరగడం వరం, హెడ్‌లైటుకూ హెల్మెట్ అద్దానికీ ప్రమాదం. గీతలు పడ్డ హెల్మెట్ అద్దం మార్చుకోవాలి. మసకబారిన హెడ్‌లైటును సన్నటి ఉప్పు కాగితంతో, నీటితో రుద్ది పాలిష్ పెడితే తేటపడుతుంది. ఆ తర్వాత అతినీలలోహిత కాంతిని ఆపే పూత వేయించడం మరిచిపోకూడదు. పూత లేకపోతే ఎండకు అది తొందరలోనే మళ్లీ మసకబారుతుంది.